తొమ్మిదో పనిముట్టు

ఎనిమిదే ఉన్నాయి.

తొమ్మిది ఉండాలి. పొద్దున పైకెక్కేముందు తొమ్మిది ఉన్నాయి. విబెకె స్వయంగా లెక్కపెట్టింది. కాగితం మీద రాసింది. కింద సంతకం పెట్టింది.

ఇప్పుడు గాలిమర పాదం దగ్గర, పచ్చి బార్లీ వాసనలో మోకాళ్ళ మీద కూర్చుని, పట్టా మీద పనిముట్లు పరిచి చూస్తోంది. స్పానర్లు నాలుగు. సుత్తి. స్క్రూడ్రైవర్లు రెండు. టార్చిలైటు.

మళ్ళీ లెక్కపెట్టింది.

ఎనిమిది.

గాలి పడమటి సముద్రం మీదినుంచి వస్తోంది. ఉప్పు మోసుకొస్తోంది. చేను వంగుతోంది... లేస్తోంది... మళ్ళీ వంగుతోంది.

"ఎస్కిల్, నీ మల్టీటూల్ ఏదీ?"

ఎస్కిల్ బెల్టుకున్న తోలు సంచి తడుముకున్నాడు. అది ఖాళీ.

"గేర్‌బాక్సు పక్కన వాడినట్టు గుర్తు," అన్నాడు. ఆమె వైపు చూడకుండా అన్నాడు. చేను వైపు చూస్తూ అన్నాడు.

విబెకె తల పైకెత్తింది. ఎనభై మీటర్ల ఎత్తున తెల్లటి యంత్రపుగది. అందులో గేర్‌బాక్సు. దాని మూత బిగించేముందు పనిముట్లు లెక్క చూసుకోవాలి. అది నియమం. జట్టుకి పెద్ద ఎవరో వాళ్ళే చూడాలి. ఈ జట్టుకి పెద్ద విబెకె.

చూడలేదు. ఇరవై నాలుగేళ్ళుగా మరలెక్కుతున్న ఎస్కిల్ పక్కనుంటే లెక్కెందుకనుకుంది.

అరచేతి పొడవు ఉక్కుముక్క. పళ్ళచక్రాల మధ్య ఎక్కడో పడి ఉంటే? మర తిప్పిన మొదటి నిమిషంలోనే పళ్ళు రాలిపోతాయి.

ఆమె జేబులోంచి ఎర్ర తాళం తీసింది. మర తిప్పే మీటకు వేసింది. తాళంచెవి మెడలో వేసుకుంది.

మూడో మర ఇక తిరగదు. పోయింది దొరికేదాకా తిరగదు.

ఆ తీరం వెంట ఉన్న అయిదు మరల్లో నాలుగు తిరుగుతున్నాయి. ఒకటి నిలబడి ఉంది. గాలి దాని రెక్కల్ని పలకరిస్తోంది. రెక్కలు పలకడం లేదు.

*

ఆ మల్టీటూల్ పాతది. చాలా పాతది.

పటకారు, కత్తి, ఆకురాయి, చిన్న రంపం, అన్నీ ఒకే పిడిలో. రంపానికి పళ్ళు లేవు. పటకారు నోరు వదులు. కత్తిని బయటికి లాగాలంటే గోటితో కసిగా పీకాలి. పిడి మీది గీతలన్నీ అరిగిపోయి, ఏటిరాయిలా నున్నగా తయారైంది.

దానితో ఎస్కిల్ తీగలు కోశాడు. జున్ను కోశాడు. డిపో పెద్ద ఫ్లెమింగ్ చెవికి గుచ్చుకున్న గాలపు ముల్లు లాగాడు. తొమ్మిదేళ్ళ కిందట, విబెకె మొదటిసారి మర ఎక్కిన రోజున, ఆమె అరచేతిలో గుచ్చుకున్న ఇనుప పెచ్చు తీశాడు.

"ఏడవకు అమ్మాయ్. పైన ఏడిస్తే కన్నీళ్ళు కింద పడేలోపు సముద్రంలోకి కొట్టుకుపోతాయి. ఎవరికీ కనపడవు. దండగ."

ఆ రోజు ఆమె ఏడుపు ఆపి నవ్వింది. ఆ నవ్వుతోనే ఈ పని ఆమెకు పట్టుబడింది.

ఇప్పుడు ఆ వస్తువు ఆమె లెక్కలో పోయింది.

బుధవారం ఎక్కింది. గేర్‌బాక్సు కిటికీలోంచి టార్చి వేసి చూసింది. దారానికి అయస్కాంతం కట్టి లోపలికి వదిలింది. నూనె అంటుకుని వచ్చింది. ఇంకేమీ రాలేదు.

గురువారం ఎక్కింది. నేలపలకలన్నీ విప్పింది. తీగల కట్టల వెనక చెయ్యి పెట్టి తడిమింది. మోచేతుల దాకా నలుపు. మోకాళ్ళు నీలం.

ఎస్కిల్ ఆమెతోపాటే ఎక్కాడు. ఆమెతోపాటే వెతికాడు. మధ్యాహ్నం ఫ్లాస్కు ఆమె చేతికిచ్చాడు.

"నువ్వే తియ్యి. నీ చేతి కాఫీ బాగుంటుంది."

"కాఫీ మీ ఆవిడ చేసింది కదా, ముసలాయనా."

"మూత తియ్యడమూ చెయ్యి వాటమే."

ఆమె మూత తీసింది. పోసింది. మళ్ళీ వెతకడానికి వంగింది.

సాయంత్రం ఫ్లెమింగ్ డిపో గుమ్మంలో నిలబడి చెప్పాడు. చెప్పడం అతనికి ఇష్టం లేదు. అందుకే గబగబా చెప్పేశాడు.

"సోమవారం ఓర్హూస్ కంపెనీ ఆఫీసు నుంచి మనుషులొస్తున్నారు. గేర్‌బాక్సు మొత్తం విప్పుతారు. నెల పడుతుందట. విబెకె... సంతకం నీది. జట్టు పెద్దరికం వాళ్ళు వెనక్కి తీసుకుంటారు. నేను మాట్లాడి చూశాను. వినలేదు."

మార్చిలో వచ్చిన పెద్దరికం అది. తొమ్మిదేళ్ళు ఎక్కితే వచ్చింది. మూడు నెలల్లో పోతోంది.

ఆమె తల ఊపింది. బయటికొచ్చింది.

నాలుగు మరలు తిరుగుతున్నాయి. ఒకటి నిలబడి ఉంది.

*

శుక్రవారం కేకు.

డిపోలో అదొక రివాజు. పొరపాటు చేసినవాళ్ళు శుక్రవారం కేకు తేవాలి. బండి తాళాలు లోపల పెట్టి తలుపేసుకున్నా కేకే. తప్పు మర ఎక్కి వచ్చినా కేకే. తప్పు ఎంత పెద్దదైతే కేకు అంత పెద్దది. తిన్నాక ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు.

విబెకె పళ్ళెమంత కేకు చేసి తెచ్చింది. పైన వెన్నా బెల్లంరంగు చక్కెరా కలిపి కాచిన పాకం.

"ఈ లెక్కన మంచి తప్పే చేశావు," అన్నాడు ఫ్లెమింగ్ నోరు నింపుకుని. "నెలకొకటి చెయ్యి. కాకపోతే ఈసారి చిన్నవి చూసి చెయ్యి."

అందరూ నవ్వారు. అందరూ తిన్నారు.

ఎస్కిల్ తినలేదు.

అతను కేకు వద్దన్న శుక్రవారం ఆ డిపోలో ఎవరికీ గుర్తు లేదు. గిన్నెకంటిన పాకం కూడా గీక్కుని తినే మనిషి. ఆ రోజు ముక్క ముందు పెట్టుకుని, ఫోర్కుతో దాన్ని అటు జరిపి, ఇటు జరిపి, లేచి వెళ్ళిపోయాడు.

"పంటినొప్పి," అన్నాడు.

పాపం తన వస్తువు పోయిన దిగులు, అనుకుంది విబెకె. ఆ దిగులు తనవల్లే అనుకుంది. ఆ మాట రాత్రంతా ఆమె పక్కలో ముల్లులా ఉంది.

*

శనివారం పొద్దున అతని ఇంటి ముందు బండి ఆపి హారన్ కొట్టింది.

"ఎక్కు. హూరుప్ వెళ్తున్నాం. కొత్తది కొనుక్కుందాం. నా వల్ల పోయింది, నేనే కొంటాను."

"వద్దమ్మాయ్."

"నీ మాట ఎవడడిగాడు? ఎక్కు."

ఎక్కాడు. దారికి రెండు వైపులా బార్లీ. గాలికి వెండిరంగు తిరుగుతోంది, పచ్చరంగు తిరుగుతోంది.

హూరుప్‌లో ఇనప సామాను కొట్టు గ్రేటెది. ఆమె బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచింది. దాని మీద ఒక్కొక్కటే పెట్టింది.

మొదటిది బరువైనది. ఇరవై పనులు చేస్తుందట. ఎస్కిల్ అరచేతిలో తూచి కింద పెట్టాడు. "నడుం వంగిపోతుంది."

రెండోది సన్నటిది. "ఇది చీటీలు కోసుకోవడానికి."

మూడోది నల్లటిది, మెరుస్తోంది. "దీన్ని చూసుకుంటూ తల దువ్వుకోవచ్చు."

నాలుగోది. అయిదోది. చేతిలోకి తీసుకుంటున్నాడు. అటు తిప్పుతున్నాడు. ఇటు తిప్పుతున్నాడు. కింద పెడుతున్నాడు.

"మీ ఆవిణ్ణి ఎంచుకోడానిక్కూడా ఇంతసేపు పట్టి ఉండదు," అంది గ్రేటె.

"నేనెక్కడ ఎంచుకున్నాను? వరసలో నిలబడ్డాను. ఆమె ఎంచుకుంది."

గ్రేటె నవ్వింది. విబెకె నవ్వలేదు.

ఆమెకు ఒకటి కనిపించింది.

ఎస్కిల్ ఒక్కదాన్ని కూడా తెరవలేదు.

పనిముట్టు చేతికొస్తే తెరవకుండా ఉండలేని మనిషి. కొత్త స్పానర్ వస్తే డిపోలో ఉన్న ప్రతి నట్టుకీ పెట్టి చూసే మనిషి. అయిదు కత్తులు చేతిలోకి వచ్చి, అయిదూ మూసినవి మూసినట్టే బల్ల మీదికి తిరిగి వెళ్ళాయి.

ఆమె అతని బొటనవేలు చూసింది. కణుపు దగ్గర వాచి ఉంది. వేలు లోపలికి వంగి ఉంది. నిటారుగా రావడం లేదు.

ఫ్లాస్కు మూత గుర్తొచ్చింది. అతని బూటు లేసులు గుర్తొచ్చాయి. ఈ వసంతం నుంచి అతను లేసుల్లేని బూట్లే వేస్తున్నాడు. కేకు గుర్తొచ్చింది.

బల్ల మీది అయిదింటినీ పక్కకి జరిపింది.

"గ్రేటె," అంది, "చేతి తొడుగులతో తెరిచేది ఏమైనా ఉందా?"

గ్రేటె లోపలికెళ్ళి ఇంకొకటి తెచ్చింది. పిడి కాస్త లావు. పక్కన వేలు పట్టేంత గుండ్రటి కన్నం. "పడవల వాళ్ళు పట్టుకెళ్తుంటారు. జనవరి చలిలో, వేళ్ళు కొయ్యబారిపోయాక కూడా తెరుచుకుంటుంది. కన్నంలో వేలు పెట్టి అలా తోస్తే చాలు. గోరు అక్కర్లేదు."

ఎస్కిల్ చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు ఊరికే పట్టుకున్నాడు. మెట్టు దిగేముందు నేల ఎంత దూరమో చూసుకునేవాడిలా చూశాడు.

తోశాడు.

టక్.

కత్తి బయటికొచ్చి నిలబడింది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు దాని అంచు మీద కూర్చుంది.

మూశాడు. మళ్ళీ తోశాడు. టక్. మూశాడు. తోశాడు. పటకారు తెరిచాడు. ఆకురాయి తెరిచాడు. స్క్రూడ్రైవర్. రంపం. ఒక్కొక్కటే, ఒక్కొక్కటే, గూట్లోంచి పిట్టలు బయటికొచ్చినట్టు అన్నీ బయటికొచ్చాయి. అతని ముఖంలో ఏదో సడలింది. వారం నుంచి బిగుసుకున్నది. బహుశా వసంతం నుంచి బిగుసుకున్నది.

"ఇదే," అన్నాడు.

విబెకె పర్సు తీసింది. కార్డు బయటికి లాగింది.

అతని చెయ్యి వచ్చి ఆమె చెయ్యి మీద పడింది. వాచిన కణుపులతో, వెచ్చగా, బరువుగా పడింది.

రెండో చేత్తో కోటు జేబులోంచి రుమాలు మూట తీశాడు. ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టి విప్పాడు.

నల్లమట్టి. మట్టిలో ఒక బార్లీ పరక. పరక పక్కన నోరు వంకరపోయిన పటకారు, ఏటిరాయిలాంటి నున్నటి పిడి.

గ్రేటె వాళ్ళిద్దర్నీ చూసింది. "పొయ్యి మీద కాఫీ పెట్టాను," అని లోపలికెళ్ళిపోయింది.

విబెకె బార్లీ పరకని వేలితో పక్కకి జరిపింది. బయట బోర్డు గాలికి కిర్రుమంది.

"ఎక్కడ దొరికింది?"

ఎస్కిల్ ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత ఆగకుండా చెప్పాడు.

"చేలో. నిన్న సాయంత్రం. మీ కేకు బల్ల దగ్గర్నించి లేచి నేరుగా అక్కడికే వెళ్ళాను. రోజూ వెళ్తున్నాను. నువ్వు ఇంటికెళ్ళాక వెళ్తున్నాను. పిడి దాకా నేలలో దిగబడి ఉంది. పొలం వాళ్ళ కోడలు చంటిదాన్ని తోపుడుబండిలో పడుకోబెట్టి తిప్పుతుంది చూడు, ఆ దారికి ఆరడుగుల దూరంలో. మంగళవారం ఆ వేళప్పుడు ఆ అమ్మాయి రాలేదు. అంతే. అందులో నా గొప్పేం లేదు.

"గేర్‌బాక్సు పక్కన వాడలేదు విబెకె. అది అబద్ధం. పైకప్పు మీద వాడాను. గాలి కొలిచే గిన్నెలు మార్చానే, అప్పుడు. కత్తి తెరుచుకోలేదు. గోటితో పీకాను, రాలేదు. పంటితో లాగాను. జారింది. చప్పుడు కూడా లేదు. గాలి తీసుకుపోయింది.

"బెల్టుకి తాడుతో కట్టి ఉంటే జారినా వేలాడేది. తాడుంది. కొక్కెం తగిలించలేదు. కప్పు మీదికి ఎక్కేముందు నువ్వు ఆ తాడు లాగి చూడబోయావు, గుర్తుందా? 'నన్నే లాగుతావా అమ్మాయ్' అని నవ్వాను. నీకు సిగ్గేసి చెయ్యి తీసేసుకున్నావు. ఆ నవ్వు కావాలనే నవ్వాను.

"లోపల పోయిందంటే పొరపాటు. కప్పు మీంచి పడిందంటే తాడు తగిలించలేదని తెలిసిపోతుంది. ఎందుకు తగిలించలేదంటే వేళ్ళ సంగతి చెప్పాలి. చెబితే ఇక ఎక్కనివ్వరు. అందుకని నోరు మూసుకున్నాను. నువ్వు మోకాళ్ళు చెక్కుకుంటుంటే పక్కనే టార్చి పట్టుకున్నాను. లేదని తెలిసిన చోట నీతో కలిసి వెతికాను. పాత పటకారు చేసిన పని కాదు ఇది. నేను చేసిన పని.

"దీని డబ్బు నేనే ఇస్తాను. ఇక్కణ్ణించి ఫ్లెమింగ్ ఇంటికి పోదాం. గేర్‌బాక్సు విప్పక్కర్లేదు, నీ సంతకానికి ఏమీ కాదు, సోమవారం పొద్దున మూడోది తిరుగుతుంది. నన్ను ఎక్కనిస్తారో, కింద కూర్చుని నట్లు ఏరుకోమంటారో, అది వాళ్ళ ఇష్టం. దీనితోనైతే పని చెయ్యగలను. ఇప్పుడే చూశావు కదా.

"కానీ కొక్కెం మాత్రం... ఆ కొక్కెం నా వేళ్ళు నొక్కలేవు. మార్చి నుంచీ నొక్కలేవు. పక్కనే ఉన్నావు. 'ఇది కాస్త తగిలించమ్మాయ్' అంటే అయిపోయేది. ఒక్క క్షణం పని. అడగలేకపోయాను.

"ఇప్పుడు అడుగుతున్నాను."