ఇండెంటు పెట్టినవారి పేరు

మూడు ఫ్యాన్ల కార్డే తీసుకోండి ఆంటీ, గేమ్‌లో వానొచ్చినా మంచు కురిసినా ఆగదు అంటున్నాడు కంప్యూటర్ షాపు హార్వే, మూడు ఫ్యాన్లేం చేసుకోను, సెక్టర్ ఏడులో మా క్వార్టర్ మొత్తానికే రెండు, అందులో ఒకటి మూలుగుతూ తిరుగుతుంది, అయినా నల్లగా ఇటుకంత ఉన్న ఆ గ్రాఫిక్స్ కార్డును చూస్తుంటే చెయ్యి ఊరుకోవడం లేదు, ఒకసారి ఇలా ఇవ్వు అంటే జాగ్రత్త ఆంటీ అంటూ రెండు చేతులతో అందించాడు, నాకా జాగ్రత్త చెబుతావు, పదకొండేళ్లుగా స్టీలు ప్లాంటు స్టోర్సులో స్పేర్లు ఇచ్చి పుచ్చుకుంటున్న చెయ్యి ఇది, వీళ్ల నాన్న కొర్నేలి మా ఆయన సత్యప్రసాద్‌తో కలిసి సైకిలు మీద షిఫ్టుకి వెళ్లేవాడు, అందుకే సుపేలా బజారులో ఇన్ని షాపులుండగా తెలిసినవాడని ఇక్కడికొచ్చాను, వచ్చినదాన్ని నిజం చెప్పొచ్చుగా, మనోజ్ కోసమా ఆంటీ అని వాడు అడగడం, ఊఁ అని నేను తలూపడం, రెండూ ఒక్కసారే అయిపోయాయి, ఛీ, ఎందుకూపాను.

మనోజ్ నా కొడుకు, పుణెలో ఉద్యోగానికి వెళ్లి నాలుగేళ్లు, వాడొదిలేసిన కంప్యూటరుకి పాత చీర ముక్కతో ముసుగు కుట్టింది నేనే, ఒకరోజు దుమ్ము దులుపుతూ స్విచ్ వేస్తే తెర మీద లారీ బొమ్మ కనిపించింది, నొక్కాను, అంతే, నలభై టన్నుల లారీ నా చేతికొచ్చింది, సైకిలైనా తొక్కడం రానిదాన్ని, మా ఆయన వెనక క్యారియర్ మీద కూర్చుని కొంగు చక్రంలో పడకుండా పట్టుకోవడమే తెలిసినదాన్ని, వానలో లైట్లు వేసుకుని, గేరు మార్చి, ఎవర్నీ అడక్కుండా ఘాట్ రోడ్డెక్కాను, మొదటి వారం రోజూ లోయలో పడ్డాను, రెండో వారం పడలేదు, ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం ఎక్కడెక్కడి వాళ్లో కలిసి నడిపే పద్నాలుగు లారీల కాన్వాయిలో నాదొకటి, అక్కడ నా పేరు స్టోర్స్, అందరూ స్టోర్స్ భయ్యా అంటారు, నేనూ దిద్దలేదు, మొన్న వాన మొదలవగానే నా కంప్యూటర్ హ్యాంగ్ అయింది, మలుపులో లారీ అడ్డంగా నిలబడిపోయింది, వెనక తొమ్మిది లారీలు వచ్చి గుద్దుకున్నాయి, ఎవరూ తిట్టలేదు, తిట్టినా బాగుండేది, వచ్చే ఆదివారం లోపు మిషన్ మార్చుకోండి భయ్యా, లేకపోతే మీ చోటు ఇంకొకరికిస్తాం అన్నారు మర్యాదగా, మనోజ్‌కి ఫోన్ చేస్తే పడీ పడీ నవ్వాడు, మమ్మీ, ఛోడో నా, వదిలెయ్, దీపావళికొచ్చి దాన్ని అమ్మేస్తా, నీకో ట్యాబ్ కొనిస్తా, భజనలు చూసుకో, అన్నాడు, మా తోడికోడలు నూకరత్నం అక్కయితే బుగ్గలు నొక్కుకుంది, ఏటే లతా, మొగుడు పోయినదానివి, యాభై దాటాక ఆటలేటి నీకు, నలుగురూ ఏటనుకుంటారు, అంది, అనుకోనీ, ఆ నలుగురిలో ఒక్కరైనా వానలో ఘాట్ దిగారా, ఒక్కరైనా.

పర్సులోంచి దారం తీశాను, పొద్దున డ్యూటీకి వెళ్లేముందు కంప్యూటర్ క్యాబినెట్ పక్క రేకు విప్పి, వెనక గోడ నుంచి ముందు ఫ్యాను దాకా పట్టి ముడేసిన దారం, జాకెట్టు చేతులు కొలిచేది ఇలాగే, హార్వే నవ్వాడు, ఇంటర్నెట్‌లో చూస్తే సరిపోతుంది కదాంటీ అన్నాడు, కార్డు పక్కన దారం పెట్టాను, ముడి దాటి నాలుగు వేళ్లు బయటికొచ్చింది కార్డు, నవ్వు ఆగింది, అయితే క్యాబినెట్ కూడా మార్చేద్దామన్నాడు, ఎందుకు మార్చాలి, నాకు నచ్చిన క్యాబినెట్ అది, రెండు ఫ్యాన్లది తియ్యి, దారంలో ఇమిడింది, గాలాడటానికి చోటూ మిగిలింది, ప్రాసెసర్ పాతదైపోయిందని మనోజ్ అన్నాడు గానీ వారం రోజులు ఏ భాగం ఎంత పనిచేస్తోందో తెర మూలన చూపించే అంకెలు చూసి కాగితం మీద రాసుకున్నాను, వానలో నూటికి నూరూ కష్టపడేది కార్డే, ప్రాసెసర్ సగం కూడా పని చెయ్యడం లేదు, దాని జోలికి పోను, ర్యామ్ ఎనిమిది జీబీవి రెండు చాలు, పవర్ సప్లై మాత్రం ఆరువందల యాభై వాట్ల మంచి కంపెనీది కావాలి, కూలర్ వేస్తే లైట్లు డల్ అయ్యే క్వార్టర్ మాది, కౌంటర్ కిందనుంచి పేరులేని డబ్బా ఒకటి తీశాడు, ఇదీ అదీ సేమ్ ఆంటీ, అన్నాడు, ఎత్తి చూశాను, బొరుగుల డబ్బాలా తేలిగ్గా ఉంది, మా స్టోర్సులో అడిగిన స్పేరు లేక బదులు ఇంకొకటి ఇవ్వాలంటే ఇండెంటు పెట్టినవాళ్లు, అంటే ఇది కావాలని కాగితం రాసినవాళ్లు, ఒప్పుకుని సంతకం చెయ్యాలి హార్వే, నేను చెయ్యను, అసలుది తియ్యి అన్నాను, ఈసారి లోపలికెళ్లి తెచ్చాడు, బరువుగా ఉంది, బాగుంది.

మనోజ్ లిస్టు భలే రాసిచ్చాడాంటీ, ఎక్కడా తప్పు లేదు అన్నాడు హార్వే, నా చేతిలోని కాగితం చూసి, ఎవరు రాసిచ్చారు, వారం రోజులు అంకెలు చూసిందెవరు, దారం ముడేసిందెవరు, ఒళ్లు మండింది, మండి ఎవరి మీద చూపించను, తలూపింది నేనేగా, బిల్లు మనోజ్‌కుమార్ పేరనేగా అంటూ వాడు అప్పుడే టైపు చేసేస్తున్నాడు, ఇండెంటు కాగితం కళ్లముందు కదిలింది, పైన ఎవరికి కావాలి, దాని కింద ఏ పనికి కావాలి, అడుగున ఎవరు ఇచ్చారు, పదకొండేళ్లుగా ఆ అడుగు గడిలోనే నా సంతకం, ఉద్యోగం ఆయన పోతే వచ్చింది, క్వార్టర్ ఆ ఉద్యోగంతో వచ్చింది, కంప్యూటర్ కొడుకు వదిలేస్తే వచ్చింది, కాన్వాయిలో కూడా నన్ను భయ్యా అంటే పలుకుతున్నాను, నాకిది కావాలి అని పై గడిలో ఎప్పుడైనా రాశానా, ఒక్కసారి, దేనికైనా, ఎవరో అడ్డుపడ్డారని ఇన్నాళ్లూ అనుకున్నాను గానీ ఆ గడి ఖాళీగా వదిలింది నేనే, ఆగు హార్వే, ఆ పేరు కొట్టెయ్, కనకలత అని రాయి, లిస్టు నాది, వాడేదీ నేనే, అన్నాను, తలెత్తి చూశాడు, వచ్చే ఆదివారం కాన్వాయిలో కూడా చెబుతాను, భయ్యా కాదు దీదీ అని, మనసులో అనుకున్నాను, ఓహో మీకా ఆంటీ, ఏదైనా ఆఫీసు పనికా, అని నెమ్మదిగా అడిగాడు, పాపం నాకో దారి చూపించడానికే అడిగాడు, రెండో గడి, ఏ పనికి కావాలి, దానికీ జవాబు నా దగ్గరుంది, ఆడుకోడానికి, అన్నాను, షాపులో అందరికీ వినపడేలా.