కోడలి నంబరు

లాండ్రీలో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవాళ్లు. హోటల్ గదుల దుప్పట్లు తడితడిగా మిషన్‌లోంచి వస్తే, ఇద్దరు చెరో కొసా పట్టుకుని దులిపి, వేడి రోలర్ కిందికి నెడతారు. ఆ పనిలో పెద్దమ్మ చేతికి తిరుగులేదు. ఆమె తీసిన దుప్పటిలో ముడత కనిపించిందంటే అది చూసేవాళ్ల కళ్లద్దాల్లో గీత అయి ఉంటుందని సూపర్‌వైజరమ్మ వేళాకోళమాడేది.

అలాంటి మనిషి ఈమధ్య దుప్పట్లు మాడుస్తోంది. కోడలు పిల్లను తీసుకుని ఇల్లు విడిచి వెళ్లిపోయిందన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. వెళ్లిపొమ్మని చెప్పింది పెద్దమ్మేనని మాత్రం ఎవరికీ తెలియదు.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. బయట అతన్ని మెచ్చుకోనివాళ్లు లేరు. లిఫ్టులో ఇరుక్కుపోయి ఏడుస్తున్న ముసలమ్మలతో తలుపు ఇవతలి నుంచే కబుర్లాడి, నవ్వించి, చెయ్యి పట్టుకుని దింపేవాడు. ఇంటి తలుపు మూసుకున్నాక ఆ మనిషి వేరు. మొదట ఒక చెంపదెబ్బ, దాని వెనకే కాళ్లు పట్టుకుని ఏడవడం. పోనుపోను ఏడుపులు తగ్గాయి, దెబ్బలు మిగిలాయి. వద్దు, ఒంట్లో బాగాలేదు అని కోడలు బతిమాలడం పెద్దమ్మకు గోడ ఇవతలికి వినిపించేది. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకని ఆమె అటు తిరిగి పడుకునేది. చివరికి ఒకరోజు, వీధిలో కొడుకు బండి చప్పుడు వినగానే మనవరాలు బల్ల కింద దూరి నోరు మూసుకోవడం చూసింది. మర్నాడు కొడుకు పనిలోకి వెళ్లగానే తనే సంచీ సర్ది, కోడలి చేతికిచ్చి పంపేసింది.

కోడలు ఆడవాళ్లకు సాయం చేసే ఒక కేంద్రం వాళ్ల ద్వారా ఎక్కడో తలదాచుకుంది. ఎక్కడో చెప్పలేదు, పెద్దమ్మా అడగలేదు. ఫోన్ నంబరు మాత్రం నోటికి వచ్చేదాకా వల్లె వేసుకుంది. ఇంట్లో తన ఫోన్‌ను కొడుకు తిరగేస్తాడు గనక, భోజనాల వేళ సూపర్‌వైజరమ్మ ఫోన్ నుంచే మాట్లాడేది.

కొడుకు కొన్నాళ్లు ఇల్లు పీకి పందిరేశాడు. తర్వాత ఒక్కసారిగా చల్లబడిపోయాడు. గడ్డం గీసుకోడు, అన్నం ముట్టడు. చిన్నప్పటిలా వచ్చి ఒళ్లో తల పెట్టుకుని, "నీకు తెలుసమ్మా, అదెక్కడుందో నీకు తెలుసు. నువ్వు నాకు అమ్మవా, దానికి అమ్మవా?" అనేవాడు. కన్నపేగు కదా, ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఆ కేంద్రంలోనే, చెయ్యి చేసుకునే మగవాళ్లకు తరగతులు కూడా జరుగుతాయని కోడలు చెప్పింది. పెద్దమ్మ పని నుంచి నేరుగా అక్కడికి వెళ్లింది. తరగతులు నడిపే కౌన్సెలర్ ఆమెను కూర్చోబెట్టి అంతా విన్నాడు. మావాడు మారతాడా అని ఆమె సూటిగానే అడిగింది.

"కొందరు మారారమ్మా. కొందరు మాటలు మాత్రం నేర్చుకుని వెళ్లిపోయారు," అన్నాడతను. "ఎన్నేళ్ల నుంచో ఇదే చూస్తున్నాం, చదువుతున్నాం. ఎవరు ఎటు తేలతారో ముందే చెప్పే విద్య నా దగ్గర లేదు. మీ అబ్బాయిని పంపండి. కానీ మీ కోడలిని మాత్రం పణంగా పెట్టకండి."

కొడుకు ఒప్పుకున్నాడు. వారం వారం వెళ్లి వచ్చాడు. తిన్న కంచం తనే కడుక్కున్నాడు. కోపం వస్తే బయటికి వెళ్లి నడవాలట అంటూ వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు. పెద్దమ్మ ప్రాణం కుదుటపడింది. కోడలితో ఒకసారి మాట్లాడిస్తే తప్పేముందని కూడా అనుకుంది. నంబరు నాలుక చివర ఆడుతుండేది.

ఒక సాయంత్రం అతను నవ్వుతూ వచ్చి, తన తరగతులు అయిపోయాయని, ఇక నంబరివ్వమని అడిగాడు. అక్కడ ఏం చెప్పావురా అని ఆమె అడిగింది.

"వాళ్లు ఏం వినాలనుకుంటారో అదే చెప్పా. అదేమన్నా బ్రహ్మవిద్యా?"

"దాని గొంతు పిసికానని చెప్పావా?"

నవ్వు ఆగిపోయింది. "నువ్వు చూశావా?"

"విన్నాను. గోడ ఇవతలే ఉన్నాగా నాయనా, అన్నీ విన్నాను."

అతను నడవడానికి బయటికి వెళ్లలేదు. ఆమె ఫోన్ లాక్కుని వెతికాడు. అందులో ఏమీ లేదు. నంబరు చెప్పమంటూ ఆమె కుడి మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినపడింది.

మరుక్షణం అతనే లబోదిబోమన్నాడు. తల్లిని టాక్సీలో ఎక్కించి, దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాడు. ఆసుపత్రి దగ్గర పడుతుండగా ఉన్నట్టుండి ఏడుపు ఆపి కళ్లు తుడుచుకున్నాడు.

"అమ్మా, నీకు చెయ్యి విరిగిందని తెలిస్తే అది వస్తుంది. నువ్వంటే దానికి ప్రాణం కదా. నువ్వే ఫోన్ చేసి చెప్పు."

పెద్దమ్మకు చేతి నొప్పి ఎటుపోయిందో తెలియలేదు.

బాత్రూమ్‌లో జారిపడిందని అతను నర్సుతో చెప్పాడు. కట్టు వేసేటప్పుడు బయట కూర్చోమని నర్సు అతన్ని పంపేసింది. తలుపు పడగానే పెద్దమ్మ, ఒక్కసారి ఫోన్ ఇస్తావా తల్లీ అని అడిగింది. ఎడమచేత్తో నంబరు నొక్కుతుంటే అంకెలు కుదరలేదు. చివరికి ఆమె అంకెలు చెబుతుంటే నర్సే నొక్కి ఇచ్చింది.

"అత్తయ్యా, ఏమైంది? గొంతు అలా ఉందేం?"

"విను. నాకు జబ్బు చేసిందని వాడు కబురు పెడతాడు. రావద్దు. నేను పోయానని చెప్పినా రావద్దు. పిల్లను అసలే తేవద్దు. ఈ నంబరు కూడా మార్చెయ్యి."

అవతల కోడలు ఏడ్చింది. మరి మీరెక్కడుంటారు అత్తయ్యా, మిమ్మల్ని చూసుకునేదెవరని అడిగింది. బుజ్జిదానితో ఒక్క మాట మాట్లాడించమందామని పెద్దమ్మకు నోటిదాకా వచ్చింది. అంటే ఇక ఫోన్ పెట్టలేనని తెలిసి, ఉంటానమ్మా అని పెట్టేసింది.

నర్సు అంతా విన్నది. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"చెయ్యి ఎలా విరిగిందో నాకు చెప్తారా అమ్మా? మీరు సరేనంటేనే ఎవరినైనా పిలుస్తాను."

తలుపుకున్న అద్దంలోంచి కొడుకు కనిపిస్తున్నాడు. ఎక్కడినుంచి తెచ్చాడో, ఆమె కోసం నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. జారిపడ్డానని ఒక్క మాట చెబితే చాలు, ఇద్దరూ ఇంటికి వెళ్లిపోతారు. వాడు అన్నం కలిపి నోట్లో కూడా పెడతాడు. రేపో ఎల్లుండో మళ్లీ నంబరు అడుగుతాడు.

"మావాడే విరిచాడు," అంది పెద్దమ్మ. "పిలువు. నన్ను వాడితో పంపకు."

నర్సు లేచి లోపలి గుమ్మం గుండా వెళ్లింది. పెద్దమ్మ అద్దం వైపు చూడకుండా తల వంచుకుని కూర్చుంది. పొద్దుట్నుంచీ వాడేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.