రెండో అంచు

కుర్చీ అత్త మళ్లీ లేచింది. సందర్శకులున్నంతసేపూ కాపలా మనిషి కూర్చోకూడదని చిత్రశాల నియమం. అయినా ఒక కుర్చీ మాత్రం ఇచ్చారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా దాని పక్కన నిలబడటం వల్ల ఆ పేరు వచ్చింది. ఉబ్బిన మడమలను ఒకదాని తరువాత ఒకటి ఎత్తి దించుతూ, గోడ నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి గోడకు తిరుగుతోంది. రేపటి నుంచి ఆమెకు ఉద్యోగం లేదు. దానికంటే మధ్యాహ్నం జరగబోయేదే ఎక్కువ కుదురు లేకుండా చేస్తోంది.

గోడ మీద ఉన్నది దేశమంతా ఎరిగిన బొమ్మ. గడ్డి ఇంటి ముందు రైతు, పక్కన భార్య, వెనక పండి ఒరిగిన పంట. "పల్లె ప్రశాంతత" అని గైడమ్మ రోజుకు ఆరుసార్లు చెబుతుంది. ఆరుసార్లూ కుర్చీ అత్తకు ఒళ్లు మండుతుంది. గింజ రాలిపోతుంటే కొడవలి పట్టకుండా, మంచి బట్టలేసుకుని ఎవరు నిలబడతారు?

మధ్యాహ్నం గది మూసి, బొమ్మను దించి బల్ల మీద పడుకోబెట్టారు. రైతు భార్య మణికట్టు దగ్గర, చొక్కా చేతి అంచు కింద ముదురు నీలం రంగులో ఇంకో అంచు కనిపిస్తుంది. చిత్రకారుడు కప్పడం మరిచిన పాత గీత అని చిత్రశాల పెద్దలు తేల్చారు. మరమ్మతు చేసే ఆయన దాన్ని ఇవాళ తుడిచేస్తాడు.

కుర్చీ అత్త గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"బాబూ, అది తుడవకు."

"మీరింకా ఇంటికెళ్లలేదా అత్తా? ఆఖరి రోజు కూడా డ్యూటీయేనా!"

"ఇల్లెక్కడికీ పోదులే. ఆవిడ రెండు చొక్కాలేసుకుంది."

"కోతల ఎండలోనా?"

"నేను మూడేసుకున్నా, తొమ్మిదేళ్లప్పుడు. పొలం ఖాళీ చెయ్యమన్నారు, మనిషికి ఒక్క మూటే అన్నారు. మూటలో పట్టనివన్నీ మా అమ్మ నాకే తొడిగింది. 'మూటకి కాళ్లొచ్చాయే' అని మా నాన్న నవ్వాడు. ఆ వారమంతా ఆయన నవ్వింది అదొక్కసారే."

అతను బొమ్మ వెనక రాసి ఉన్న సంవత్సరం చూశాడు. ఆ ఏడే కౌలు రైతులను భూముల నుంచి వెళ్లగొట్టారని అతనికి తెలుసు. చదువుకున్న పుస్తకంలో ఆ సంగతి ఒక పేజీలో, ఈ బొమ్మ వేరొక పేజీలో ఉన్నాయి. అందువల్ల రెండూ ఎప్పుడూ కలవలేదు.

"మొగుడి మెడ కూడా చూడు," అందామె.

అతను భూతద్దం పెట్టాడు. అందరూ నీడ అనుకున్నది రెండో కాలరు.

"అయితే వీళ్లు..."

"బండి కోసం చూస్తున్నారు. పంట వాళ్లది కాదని చెప్పేశారు. ఎవరి కోసం కోస్తారు?"

అతను రంగు తుడిచే మందు సీసాకు మూత బిగించాడు. "పెద్దలకేం చెప్పను?"

"ఎప్పుడైనా మూట కట్టారేమో అడుగు."

సాయంత్రం ఆమె యూనిఫారం కోటు అప్పగించి, సంతకం పెట్టి, చేతిసంచి తీసుకుని వెళ్లిపోయింది. గైడమ్మ పక్క గదిలో ఆరో గుంపుకు ఏదో చెబుతూ ఆమెను గమనించలేదు.

మరమ్మతు బల్ల మీద, తుడవడానికి దూది చుట్టిన పుల్ల ఇంకా పొడిగానే ఉంది.