రెండో చెంచా

షెడ్డులో ఆవిడ పని గ్రేప్‌ఫ్రూట్లు ఏరడం. పండు తీసి, గుడ్డతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని, తగిన పెట్టెలో వెయ్యాలి. ఏ పండులోనైనా దాన్ని తినబోయే ఇంటి చప్పుడు వినిపిస్తుంది కదా మరి! పిల్లల గోల వినబడితే తియ్యటి రకం పెట్టెలోకి, దగ్గులూ మూలుగులూ వినబడితే ఆస్పత్రి పెట్టెలోకి.

అసలు ఈ పండు పుట్టుకే ఓ తమాషా. పంపరపనసకీ నారింజకీ మధ్యవర్తి లేకుండానే జత కుదిరి పుట్టింది. కాసిందా, ద్రాక్షల్లా గుత్తులు గుత్తులుగా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కాస్తుంది. ఆవిడకే ఒరుసుకునే మనిషి లేదు. విటమిన్ సి దండిగా ఉంటుంది, ఒంటికి మంచిదని రోజూ ఒకటి కోసేది. సగం తినేది, మిగతా సగం ఫ్రిజ్‌లో ఎండిపోయేది.

ఆ రోజు ఓ పండులో తన గదే వినబడింది. కారే కుళాయి, కిర్రుమనే కుర్చీ. చెంచాలు మాత్రం రెండు! పైగా ఎవరో ఆడమనిషి పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వు ఎవరిదో ఎంతకీ పోల్చుకోలేకపోయింది.

"ఏంటమ్మా, పెట్టెలో వెయ్యవేం?" అన్నాడు మేస్త్రీ.

"మా ఇల్లండీ."

"అయితే పట్టుకెళ్ళు." ఎవరింటి పండు వాళ్ళకే. అది షెడ్డు ఆనవాయితీ.

ఇంటికొచ్చి పండు కోసి, రెండు గిన్నెలు పెట్టి, తలుపు ఓరగా తీసి కూర్చుంది. కుళాయి కారింది. చీకటి పడింది. ఎవరూ రాలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది. ఇదీ ఎండిపోవాల్సిందేనా? అయినా పండు చెబుతుంది గానీ చెయ్యి పట్టుకుని తీసుకొస్తుందా ఏం!

లేచి వెళ్ళి ఎదురింటి తలుపు కొట్టింది. అక్కడ ఉండేది బట్టలు కుట్టే ఆవిడ. ఏళ్ళ తరబడి మిషను చప్పుడు వినడమే తప్ప, పలకరించిన పాపాన పోలేదు.

"సగం పండు మిగిలిపోతోందండీ... వస్తారా?"

ఎదురింటావిడ మెడలో టేపు అలాగే ఉండగా వచ్చి కూర్చుంది. చెంచా గుచ్చగానే రసం చివ్వున చిమ్మి సరిగ్గా కంట్లో పడింది. రెండో కంటితోనే వెతుక్కుని ఓ ముక్క నోట్లో పెట్టుకుని, మొహం వికారంగా పెట్టింది.

"అమ్మో, చేదు! నామీద ఏం కక్ష వదినగారూ మీకు?"

గది దద్దరిల్లేలా నవ్వు. షెడ్డులో విన్న నవ్వే! కానీ ఎదురింటావిడ కన్ను తుడుచుకుంటోంది. నవ్వుతున్నది తనే. నవ్వి ఎన్నేళ్ళయిందో ఏమో, తన గొంతు తనకే గుర్తు లేదు.