సగం చెరిగిన సంతకం

పాత నోటు చేతిలో పెడితే చాలు, అది ఏ ఏడు అచ్చయిందో వగ్దీ చెప్పేస్తాడని అన్‌ఫూషీ పేట కాఫీ కొట్టులో పేరు. తేదీ లేని నోటుకు బ్యాంకు గవర్నరు సంతకాన్నీ, వరుస అంకెనూ పోల్చి చూడాలి. రెండూ చూడాలి. ఆ రోజు చుట్టూ పదిమంది మూగేసరికి వగ్దీ సంతకం ఒక్కటే చూశాడు. అంకెను అలవాటుగా పుస్తకంలో రాసుకున్నాడే గాని పోల్చలేదు.

నోటు షుక్రీది. పెళ్లి మాటలనాడు తన మొదటి జీతంలోంచి తీసి ఇహ్సాన్‌కు ఇచ్చిన పౌండు. ఆమె యాభై ఏళ్లు దాచింది. భార్యను వెంటబెట్టుకుని మురిపెంగా చూపించుకోవడానికి వచ్చాడు. మడతలో సంతకం సగం చెరిగిపోయింది. మిగిలిన తోక చూసి వగ్దీ, ఇది మీ పెళ్లయిన నాలుగేళ్లకు వచ్చిన నోటు అనేశాడు.

"అసలుది ఎవతెకిచ్చావు షుక్రీ?" అన్నాడు డామినోలాడే ఒకడు. అందరూ నవ్వారు. ఇహ్సాన్ నవ్వలేదు. షుక్రీ మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మూడు వారాలకు పాత నోట్ల అంగడిలో, పుస్తకంలో రాసుకున్న అదే వరుస అంకెల నోటు, సంతకం చెక్కుచెదరకుండా, వగ్దీ కంటపడింది. ముందటి గవర్నరు సంతకం. అంటే షుక్రీ నోటు పెళ్లికి ముందుదే. వగ్దీకి చెవులదాకా మండింది. ఆ రోజు జేబులో భూతద్దం ఉంది. తీస్తే చూపు మందగించిందనుకుంటారని తీయలేదు. ఆపాటి గొప్పకోసం ఒకడి కాపురంలో నిప్పులు పోశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ నోటు కొని, సాయంత్రమే వాళ్లింటి మెట్లెక్కాడు. తలుపు తీసిన షుక్రీ అతని చేతిలో నోటు చూడగానే సంగతి పోల్చుకుని గొంతు తగ్గించాడు.

"ఇప్పుడేం చెప్పకు. అసలుది తీసి ఇది పెట్టానని, అబద్ధమాడానని ఒప్పేసుకున్నా. పోనీలే అంది. మళ్లీ నాతో మాట్లాడుతోంది."

ఇంతలో ఇహ్సాన్ పుదీనా టీ తెచ్చింది. మీరు చెప్పబట్టి ఇన్నాళ్లకు ఈయన నోట నిజం వచ్చిందన్నయ్యా, అంది. వగ్దీ టీ గ్లాసు పక్కకు జరిపాడు. నోటు బల్లమీద పెట్టాడు.

"తప్పు నాదమ్మా. ఆయన మొదట చెప్పిందే నిజం. మీ నోటు పెళ్లికి ముందుదే."

ఆమె నోటు చేతిలోకి తీసుకుని చూసింది. చేయని తప్పు ఎందుకు ఒప్పుకున్నావని భర్తను అడిగింది.

"ఆయన మాట నమ్మావు, నా మాట నమ్మలేదు," అన్నాడు షుక్రీ. "ఇంకేం చెయ్యను?"

ఇహ్సాన్ తల వంచుకుంది. వగ్దీ అంతకుముందే వంచుకున్నాడు.