లెక్కకు రాని దుప్పట్లు

కోడలి వేలిలో దిగిన సూదిని లాగి పారేసిన క్షణం నుంచి అత్తకు అన్నం సయించడం లేదు. ఆసుపత్రి వెనక వార్డు దుప్పటి మడతలో ఎవడో వదిలేసిన సూది అది. ఆ వార్డులో ఉన్నది ఎయిడ్స్ రోగులని అత్తాకోడళ్లు పనిచేసే బట్టలుతికే గదికంతా తెలుసు. మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే గండం గడిచే వీలుందని నర్సమ్మ చెప్పింది. ఇవాళ రెండో రోజు.

సూపరింటెండెంటు దగ్గరికి పోతే విసుక్కున్నాడు. "మన దగ్గర ఎయిడ్స్ కేసులే లేవు. లేని కేసులకు మందెవడిస్తాడు? గుడ్డలు ముట్టుకుంటే ఏం రాదు, పోయి పని చూసుకోండి."

లేవట! ఆసుపత్రికి మంచి పేరు రావాలని వారం వారం పైవాళ్లకు సున్నా రాసి పంపుతాడు. చచ్చినవాళ్లను జ్వరంతో పోయారంటాడు. థూ, వీడూ ఒక డాక్టరే!

ఆ మధ్యాహ్నమే దేశమంతటా ఎయిడ్స్ లెక్క తీసే అధికారి వచ్చాడు. కేసులున్న ఆసుపత్రులకు ఇవ్వాల్సిన మందు ఆయన వ్యానులోనే ఉంది. ఉతికే గదిలో ఏడుగురు ఆడవాళ్లూ గుమిగూడారు.

"ఉద్యోగాలు ఊడతాయక్కా," అంది ఒకామె.

"ఊడనీ! నా కోడలు పోతే నువ్వు తెచ్చిస్తావా?" అత్త కసిరింది. "ఇవాళ ఒక్క గుడ్డ ఉతకొద్దు. మంచానికో మూట కట్టండి."

అధికారి, సూపరింటెండెంటు కూర్చున్న మీటింగు బల్ల మీద, టీ కప్పుల మధ్య, పదకొండు మూటలు దబ్బుదబ్బున పడ్డాయి. చీము, నెత్తురు, విరేచనాల కంపు గదంతా కమ్మింది. సూపరింటెండెంటు ముక్కు మూసుకుని గోడకు అంటుకుపోయాడు.

"ముట్టుకుంటే ఏం రాదన్నారుగా? ముట్టుకోండి సార్!" అంది కోడలు.

"పోలీసుల్ని పిలవండి!" అని ఆయన కేకేశాడు.

ఏడుగురూ తలుపుకు అడ్డంగా కూర్చున్నారు.

"ఈ రోగుల పేర్లు కావాలి," అని నసిగాడు అధికారి.

"పేర్లు మీకెందుకయ్యా, ఊళ్లోంచి వెళ్లగొట్టించడానికా? మూటలు లెక్కపెట్టి అంకె రాసుకోండి. ఆయనతో సంతకం పెట్టించండి. నా కోడలికి మందివ్వండి. అప్పుడే లేస్తాం."

అధికారి పదకొండని రాస్తే, కంపు భరించలేక సూపరింటెండెంటు దాని కింద సంతకం గీకేశాడు. వ్యానులోంచి మందు తెప్పించారు, కోడలు అక్కడే మొదటి మాత్ర మింగింది. అప్పటిదాకా బిగపట్టుకున్న అత్త భోరుమంది.

పోలీసులు వచ్చారు గానీ మూటల కంపుకు గుమ్మం దాటలేదు. ఏడుగురూ తామే లేచి నడిచి పోలీసు వ్యానెక్కారు. వంటవాళ్లు, ఆయాలు, స్ట్రెచర్లు తోసేవాళ్లు పని వదిలేసి వెంట నడిచారు.

మర్నాడు స్టేషనుకు నలుగురు కొత్త ఆడవాళ్లు వచ్చారు. పక్క పట్నం ఆసుపత్రిలో బట్టలుతికేవాళ్లు.

"మా దగ్గరా సున్నాయేనక్కా. మేమేం చెయ్యాలి?"

అత్త కటకటాల దగ్గరికి జరిగింది.

"మీ వెనక వార్డులో మంచాలెన్ని?" అని అడిగింది.