నోరీన్ నిలబడ్డ పీట

నేను ఒక పీటను. జానెడు ఎత్తు, మూరెడు పొడవు. ఇంగ్లండులో ఉత్తరాన, వానకూ పొగకూ నల్లబడ్డ ఇటుక గోడల ఊళ్ళో, ఒక నేత మిల్లులో పుట్టాను. విరిగిన మగ్గం దూలాన్ని కోసి నన్ను చేసినవాడు వాల్టర్ అనే మేస్త్రి. మగ్గాలు బాగుచేయడం ఆయన పని. భార్య ఎడ్నా అక్కడే నేసేది. పొట్టి మనిషి. పోగు తెగితే ముడి వేయడానికి మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చేది. కాళ్ళు లాగుతున్నాయా అని ఆయన ఏనాడూ అడగలేదు. ఒక పొద్దున నన్ను తెచ్చి మగ్గం ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ షెడ్డులో మూడు వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడేవి. ఆ మోతలో మాట వినబడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు గొంతు వాడరు. పెదవులు నిండుగా కదిలిస్తారు, ఎదుటివాళ్ళు చూసి చదువుకుంటారు. పది మగ్గాల అవతలి మనిషితో కూర సంగతి, కాపురం సంగతి, మేనేజరు బట్టతల సంగతి అన్నీ చెప్పుకునేవారు. మేనేజరు పక్కనే నిలబడి ఉండేవాడు, పాపం. ఇరవై ఏళ్ళు నేసేసరికి ఎడ్నా చెవులు పూర్తిగా పోయాయి. ఆవిడకు పెద్ద లోటేమీ అనిపించలేదు. ఆ వీధిలో పెదవులు చదవడం రాని ఆడది లేదు.

కూతురు నోరీన్ పదిహేనో ఏట మిల్లులోకి వచ్చింది. తల్లి పోలికే, నాలుగడుగుల పదంగుళాలు. నా మీదికి ఎక్కింది. ఎవరికీ వినబడదు కనుక ఎలుగెత్తి పాడేది. ఎడమ మడమతో నా మీద తాళం వేసేది. ఎదుటి మగ్గం నుంచి తల్లి ఆ పెదవులు చూస్తూ పాటంతా అందుకునేది.

"రెండో చరణంలో ఒక మాట మింగేశావే," అని పెదవులతోనే దిద్దేది.

గొంతు ఎలా ఉంటుందో మాత్రం ఆవిడకు తెలియదు.

తెలిసింది పెండర్‌కి. లండన్ మనిషి, కొత్త గాయకుల్ని వెతికి పట్టుకోవడం వృత్తి. కార్మికుల క్లబ్బులో ఒక శనివారం నోరీన్ పాట విని, "గొంతు మనిషి కంటే పెద్దది," అన్నాడు. అది పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం. ఆమెకు పంతొమ్మిదేళ్ళు. బయలుదేరే రోజున వాల్టర్ నన్ను గోనెలో చుట్టి ఇచ్చాడు.

"అక్కడ మైకులు ఎంత ఎత్తున పెడతారో ఏమో. పట్టుకెళ్ళమ్మా," అన్నాడు. ఆయన ఆమెతో అంత పొడుగు మాట అనగా నేను వినడం అదే మొదలు.

పెండర్ ఆమె జుట్టు కత్తిరించాడు, పేరు మార్చాడు. డీనా ఫెయిర్ అన్నాడు. మూడు పాటలు దేశమంతా మోగాయి. ఊరూరా ఆడపిల్లలు అలాగే జుట్టు కత్తిరించుకున్నారు. టెలివిజన్‌లో కెమెరా మోకాళ్ళ పైనే చూపించేది. దేశం ఆమెను ఐదడుగుల ఏడంగుళాల మనిషి అనుకుంది. అందులో తొమ్మిది అంగుళాలు నేను.

అరవై ఆరు శీతాకాలంలో ఊరూరా తిరిగి పాడుతుండగా వాల్టర్ పోయాడు. మిల్లులో పనిచేస్తూనే గుండె ఆగిందట. టెలిగ్రాం థియేటర్‌కు వచ్చింది. పెండర్ చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత, ఆఖరి ప్రదర్శన అయ్యాక ఆమెకిచ్చాడు.

"ముందే చెబితే పాడగలిగేదానివా?" అన్నాడు.

నోరీన్ నన్ను చంకన పెట్టుకుని రైలెక్కింది. ఇల్లు చేరేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. ఎడ్నా తలుపు తీసింది. కూతురి మొహం ఒక్కసారి చూసి అటు తిరిగి గోడకేసి నిలబడింది. పెదవులు చూడకపోతే ఆవిడకు ఎవరేం చెప్పినా చెప్పనట్టే. నోరీన్ అటు తిరిగితే ఆవిడ ఇటు తిరిగింది. చివరికి కూతురు వెనక్కి వచ్చేసింది. తర్వాత రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిరిగొచ్చాయి.

పక్కింటి ఫిలిస్ మాత్రం ఒక ముక్క రాసింది. "గురువారం సాయంత్రం టెలివిజన్ పాటల కార్యక్రమంలో నువ్వు కనబడతావంటే మీ అమ్మ మా ఇంటికొస్తుంది. నిన్ను చూసి, నోరు విప్పకుండా వెళ్ళిపోతుంది."

ఆ కార్యక్రమంలో రికార్డు వేసేవారు, గాయకులు పెదవులు కదిపేవారు. అదంతా మోసమని పెద్దమనుషులు పత్రికల్లో రాస్తుండేవారు. మైకు అక్కర్లేదు కనుక కెమెరా మొహం మీదికి వచ్చేది.

ఆ గురువారం పాట మొదలైంది. ఎండ గురించి, సముద్రపు ఒడ్డు గురించి హుషారైన పాట. నోరీన్ నా మీద నిలబడింది. ఎడమ మడమ పడలేదు. పాడడం లేదని ఆ గదిలో ముందు తెలిసింది నాకే.

రికార్డు ఎండ గురించి పాడుతూ ఉంది. ఆమె పెదవులు మిల్లు మాట మాట్లాడాయి. "అమ్మా, నాకు తెలియదు. టెలిగ్రాం పెండర్ జేబులో పెట్టుకున్నాడు. నాలుగు రోజులు. తెలిస్తే నడిచైనా వచ్చేదాన్ని. నా వైపు చూడమ్మా." పాట అయ్యేదాకా అదే, మళ్ళీ మళ్ళీ.

"పాట మర్చిపోయావా?" అని దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు.

"లేదండి. పాట అందరికీ వినబడింది కదా," అంది.

సొంత పాట రాని గాయని అని పత్రికలు రాశాయి. టెలివిజన్ వాళ్ళు మళ్ళీ పిలవలేదు. పెండర్ ఇంకొక పిల్లను వెతుక్కున్నాడు, పీట అక్కర్లేని పిల్లను.

ఆ ఆదివారం నోరీన్ ఇంటికి వస్తే ఫిలిస్ గుమ్మంలోనే ఎదురొచ్చి జరిగింది చెప్పింది. ఎడ్నా టీ కప్పు కింద పెట్టి టెలివిజన్ దగ్గరికి జరిగిందట. అద్దం మీద, పెదవుల పక్కన వేలు పెట్టి, ఎన్నో ఏళ్ళుగా వాడని గొంతుతో, "నాలుగు రోజులా," అన్నదట.

ఎడ్నా తలుపు తీసింది. ఈసారి అటు తిరగలేదు. నన్ను కూతురి చంకలోంచి లాక్కుని వంటగదిలో పొయ్యి ముందు వేసింది.

"ఎక్కు. గురువారం పాట నాకు అందలేదు. మాటలతోనే సరిపెట్టావు," అంది పెదవులతో.

నోరీన్ ఎక్కింది. ఎడ్నా నేల మీద కూర్చుని నా అంచు మీద అరచెయ్యి ఆనించి, మొహం పైకెత్తింది. తర్వాత ఎడమ మడమ పడింది.

నోరీన్ మళ్ళీ లండన్ వెళ్ళలేదు. ఆ ఊరి క్లబ్బులోనే చాలా ఏళ్ళు పాడింది. మిల్లు మూతపడింది, ఎడ్నా పోయింది. ఇప్పుడు ఆ మిల్లే మ్యూజియం. నన్ను చుట్టూ తాడు కట్టి కూర్చోబెట్టారు. పక్కన చీటీ: నేతగత్తె పీట, చేసినవారి పేరు తెలియదు.

మంగళవారాల్లో ఒక పొట్టి ముసలావిడ వస్తుంది. కాపలావాడు అటు తిరిగినప్పుడు తాడు కిందుగా ఎడమ కాలు చాచి నా మీద మడమతో రెండుసార్లు తడుతుంది. చీటీ చదువుతుంది. చదివి, గొంతు లేకుండా, పెదవులతో ఒక పేరు అంటుంది.

ఆ పేరు నాకు తెలుసు.